వెళ్ళొస్తానన్న స్వామి

మబ్బులపాడు కొండకు కింది నుంచి పద్దెనిమిది మలుపులు, ఆపైన రెండు వందల పదహారు మెట్లు. ఆగి ఆగి ఎక్కినా గంటలో పైకి చేరవచ్చు. మెట్లు ముగిసేచోట ఒక ఊట, దాని పక్కన గుడి. లోపలి స్వామి కూర్చున్నవాడు కాదు, నిలుచున్నవాడూ కాదు. ఎడమ పాదం గడప లోపల మోపి, కుడి పాదం గాలిలో ఎత్తి, చేతికర్రతో, ఎటూ తేలని ముఖంతో ఉంటాడు. ఈ భంగిమకు కారణం సుక్రమ్మ అనే మేకల కాపరి.

కొండ మీద పదకొండు గడపలే ఉన్న ఆ పాతకాలంలో ఇక్కడ చుక్క నీరు లేదు. ఆడవాళ్ళు రోజుకు రెండుసార్లు లోయలో పారే గెడ్డకు దిగి కుండలు మోసేవారు. విసిగిపోయిన పెద్దలు ఆ ఏటి పంట కోయగానే ఊరు ఖాళీ చేసి దిగిపోదామని నిర్ణయించారు. సుక్రమ్మకు కొండ వదలాలని లేదు. ఆమె మేకలకూ లేదు.

అటువంటి సమయంలో స్వామి బాటసారి వేషంలో మండుటెండన పడి వచ్చాడు. నిజానికి ఆయన బయలుదేరింది మరో కొండ మీది ఉత్సవానికి. ఒక మలుపు తప్పు లెక్కపెట్టి ఇటు ఎక్కేశాడు. సుక్రమ్మ ఆయనకు నీడనిచ్చి చోడి అంబలి పోసింది. ఇంట్లో ఉన్న ఒక్క కుండెడు నీళ్ళూ ఆయన కాళ్ళు కడుక్కోవడానికే ఖర్చు చేసినా పల్లెత్తు మాట అనలేదు. ఆ నీళ్ళు పారినచోట మర్నాటికి ఊట పుట్టింది. వచ్చినవాడు ఎవరో ఆమెకు అప్పుడు తెలిసింది.

మూడు రోజులు విందు తిని, నాలుగో ఉదయం స్వామి కర్ర అందుకున్నాడు.

"బాబూ, ఈ ఊట ఉంటాదా?" అని సుక్రమ్మ అడిగింది.

"నా పాదం ఈ కొండ మీద ఉన్నన్నాళ్ళూ ఉంటుందమ్మా" అన్నాడు స్వామి. గడప దగ్గర కుడికాలు ఎత్తి, మర్యాదగా "మరి వెళ్ళొస్తాను" అన్నాడు.

అది పల్లపువారి మర్యాద. కొండవారు పోయేటప్పుడు "పోతన్నాను" అంటారు, పోతారు. వస్తానంటే వస్తారు.

"ఎప్పుడొస్తావు బాబూ?" అంది సుక్రమ్మ.

ఎన్ని ఇళ్ళలో విందు తిన్నా స్వామిని అంతవరకు ఎవరూ అలా అడగలేదు. ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉండిపోయింది.

"చూద్దాం. వానల్లో జలగలు గదమ్మా."

"జలగలకి పొగాకు నీళ్ళున్నాయి. గెడ్డ ఎదురు కొండ మీంచి దూకేది అప్పుడే. చూడవా?"

"శీతాకాలం చలి."

"గొంగడి ఇస్తాను. వలిసెపూలు పూసి కొండంతా పసుపు రాసినట్టుంటాది. మబ్బొచ్చి గుమ్మంలో కూకుంటాది."

"ఎండల్లో నడవలేను."

"మొన్న నడిచే వచ్చావు. పనసపళ్ళు పండేది ఎండల్లోనే. నిన్న సగం పండు నువ్వే తిన్నావు."

స్వామి తప్పించుకోలేక, "సరే, మూడు కాలాల్లోనూ వస్తాను" అనేశాడు.

సుక్రమ్మ వెంటనే గుప్పెడు అడ్డతీగ పిక్కలు తెచ్చి గడప మీద పోసింది.

"మీ ఊరెంత దూరం?"

"రెండు నెలల నడక."

నెలకొకటి చొప్పున పోను రెండు పిక్కలు, రాను రెండు పిక్కలు పెట్టింది. కాలానికి ఉన్నవి నాలుగు నెలలే.

"ఇంటి గుమ్మం తాకి వెనక్కి తిరగాల బాబూ. మంచినీళ్ళు కూడా తాగలేవు. ఏడాదంతా దారిలోనే ఉంటావు."

స్వామి పిక్కలను రెండుసార్లు లెక్కపెట్టాడు. మలుపుల దగ్గర తప్పినా పిక్కల దగ్గర తప్పలేదు. ఇచ్చిన మాట వెనక్కి తీసుకోవడం దేవుడికి కుదరదు. "ఇంట్లో ఏమంటారో" అని గొణిగి, ఎత్తిన కాలు దించకుండానే శిల అయ్యాడు. ఊట నిలిచింది, ఊరు నిలిచింది.

నేటికీ దర్శనం ముగించిన భక్తులు "వెళ్ళొస్తాం స్వామీ" అనగానే, సుక్రమ్మ వంశానికి చెందిన పూజారమ్మ "ఎప్పుడు?" అని అడుగుతుంది. గెడ్డ దూకే శ్రావణమా, వలిసెలు పూసే కార్తీకమా, పనస పండే జ్యేష్ఠమా, ఏదో ఒకటి చెప్పాలి. "చూద్దాం", "వీలు చూసుకుని" అన్నవారు పక్కకు జరిగి ఆలోచించుకోవాలి. ప్రసాదం ఆ తర్వాతే. ఆదివారాల్లో ఆ పక్క వరుస కాస్త పొడవుగానే ఉంటుంది.

మాట ప్రకారం తిరిగి వచ్చినవారి ఇంటికి చుట్టాలు చెప్పిన రోజే వస్తారనీ, చెప్పిన రోజే వెళతారనీ ఇక్కడివారి నమ్మకం. మొదటి ఫలం కంటే రెండో ఫలం కోసం మెట్లెక్కేవారే ఎక్కువ.