నాయకుడెక్కడ నిలబడాలి?

ఆ ఏడు ఎండలు మామూలు ఎండలు కావు. కొండ కింది మడుగు ఎండిపోయి నేల బీటలు వారింది. నీళ్లంటూ ఉంటే వాగుకి అవతల ఊటలోనే ఉన్నాయి. వాగు నిండా బురద. పైకి గట్టిగా కనిపించి, కాలు పెడితే లోపలికి లాక్కునే రకం. కర్రెమ్మ అనే గేదె దూడకి రెండు రోజులుగా నీటిచుక్క లేదు. నాలుగడుగులు వేస్తే కూలబడుతోంది. తల్లి గుండె తరుక్కుపోతోంది.

నక్కకి ఇలాంటప్పుడే పని దొరుకుతుంది. సూరప్ప అనే నక్క బండరాయి ఎక్కి, చుట్టూ చేరిన జంతువులతో, "ఈరోజు నుంచి నేనే మీ నాయకుణ్ణి. నా మాట వింటే పొద్దుగూకేలోగా నీళ్లు తాగిస్తా" అంది. దప్పికతో ఉన్నవాళ్లు ఎవరికైనా తలూపుతారు. వీళ్లూ ఊపారు.

అందరూ వాగు దగ్గరికి చేరారో లేదో, సూరప్ప నెమ్మదిగా వరుస చివరికి జారుకుంది.

"గడ్డెన్నా, నువ్వు ముందు నడు" అంది గాడిదతో.

గడ్డెన్న బురద అంచున కాళ్లు బిగబట్టి నిలబడిపోయింది. నమ్మకం లేని నేల మీద ఏ గాడిదా అడుగు వేయదు.

"నాయకుడి మాటకే ఎదురా?" అంటూ గుర్రుమంది నక్క.

చెట్టు మీద చిలక ఒకటుంది. ఎనిమిదేళ్లు సంస్కృతం పంతులుగారి వసారాలో పంజరంలో ఉండి వచ్చింది. ఇక నోరు మూసుకుని ఉండలేకపోయింది.

"సూరప్పా, నాయకుడంటే ఏమిటో తెలుసా? సంస్కృతంలో 'నీ' అంటే వెంట తీసుకుపోవడం. నాయకుడనే మాట అక్కణ్ణుంచే పుట్టింది. కన్నుని నయనం అనేదీ అందుకే, మనల్ని దారిన నడిపిస్తుంది కనుక. పంతులుగారు ఈ పాఠం చెప్పని ఏడాది లేదు. తీసుకుపోయేవాడు వెనకెలా ఉంటాడు?"

"అది పాతకాలం అర్థం. మాటలు కాలంతోపాటు మారతాయి" అంది నక్క.

"మారితే మారనీ నాయనా" అంది కర్రెమ్మ. "నా దూడ దాహం మారలేదు. ముందు నడుస్తావా, లేక నాయకుణ్ణి కానని ఒప్పుకుంటావా?"

అందరి కళ్లూ నక్క మీదే. సూరప్ప లోలోపల లెక్క వేసుకుంది: నేను తేలిక, ఒక్క పరుగులో దాటేసి ముందుగా నేనే కడుపారా తాగొచ్చు. అనుకున్నదే తడవు దూకింది. పది గజాలు పోయేసరికి పొట్టదాకా దిగబడిపోయింది.

"కర్రెమ్మక్కా, చచ్చిపోతున్నా" అని ఏడ్చింది.

కర్రెమ్మ తొందరపడలేదు. గేదెల నడకే వేరు. గిట్టలు వెడల్పుగా పరిచి, ఒక కాలు మోపి, బరువు వేసి చూసి, నేల ఆగుతుందనుకుంటేనే రెండోది కదిపింది. ఆగని చోట పక్కకి మళ్లింది. "నా అడుగుల్లోనే అడుగులేయండి" అంది వెనకవాళ్లతో. దూడ తల్లి గిట్టల గుర్తుల్లో కాళ్లు పెట్టుకుంటూ నడిచింది. గడ్డెన్న కూడా ఈసారి మొరాయించలేదు. దారిలో కర్రెమ్మ నక్క వైపు తోక చాపింది. సూరప్ప దాన్ని నోటకరుచుకుని బురదలోంచి బయటపడింది.

అవతలి ఊటలో దూడ మూతి ముంచి గుటగుటా తాగుతుంటే కర్రెమ్మ దాన్ని చూస్తూ నిలబడింది. తను తాగడం మరిచిపోయింది. అందరికన్నా చివర బురదోడుతూ వచ్చిన సూరప్పని, ఎగిరొచ్చి వాలిన చిలక అడిగింది: "ఇప్పుడు చెప్పు, ఎవరు నాయకుడు?"

సూరప్ప పక్కకి జరిగి, కర్రెమ్మకి చోటిచ్చింది.

నీతి: నాయకుడని పేరు పెట్టుకుంటే చాలదు, ముందు తను అడుగేసి వెనకవాళ్లని ఒడ్డు చేర్చాలి.