ఎడమ మూతకు అన్నం ముద్ద

"ఒంటికి పడనిది మానేస్తే ఒళ్ళు తేలికపడాలి కదండీ మాస్టారూ, మరి నాకెందుకిలా బరువెక్కిపోతోంది?"

సామర్లకోటలో మృదంగం నేర్పే కామేశం మాస్టారికి, ఎవరేం అడిగినా వెంటనే జవాబు చెప్పే అలవాటు లేదు. ముందు వాయించమంటారు. ఆ ఉదయం అడిగింది ఆయన శిష్యురాలు హిమజ. నీ పేగులకు గోధుమ పడదు, ఇక జన్మలో ముట్టుకోవద్దని డాక్టరమ్మ పరీక్షలు చేయించి చెప్పి అప్పటికి తొమ్మిది రోజులు. చపాతీ, ఉప్మా, ఆఖరికి టీలోకి బిస్కెట్టు కూడా మానేసింది. మూడో రోజు నుంచీ తలనొప్పి, నీరసం, ఊరికే కోపం. కడుపుబ్బరం సరేసరి. బేకరీ ముందు నుంచి వెళుతుంటే, ఎవరో తనను పేరు పెట్టి పిలిచినట్టు కాళ్ళు ఆగిపోతున్నాయి. ఆదివారం తొలి కచేరీ. ఇంక నాలుగు రోజులే. చేతులు చూస్తే తడిసిన గుడ్డల్లా ఉన్నాయి.

"డాక్టరమ్మకి చెప్పావా?"

"చెప్పానండీ. మొదట్లో కొంతమందికి ఇలా ఉంటుందట. వేళకి తిను, నీళ్ళు బాగా తాగు, తగ్గకపోతే సోమవారం రా అంది. సోమవారానికి నా కచేరీ అయిపోతుంది కదండీ! అందుకే ఇవాళ రెండు చపాతీలు తినేస్తాను. కచేరీ అయ్యాక మళ్ళీ మానేస్తాను."

మాస్టారు మృదంగం ఆమె ముందుకు జరిపారు.

మృదంగం ఎడమవైపు తోలు మూతకు, వాయించే ముందు తడిపిన బొంబాయి రవ్వ ముద్ద అద్దుతారు. ఆ బరువుకే అది వాన ముందటి మబ్బులా గుమ్మంటుంది. వాయించాక గీకేస్తారు. హిమజ అలవాటుగా రవ్వ డబ్బా కోసం చెయ్యి చాచింది. డబ్బా లేదు. ఆ చోట ఒక గిన్నె, అందులో బూడిద కలిపి మెత్తగా నూరిన అన్నం ముద్ద.

"రవ్వా గోధుమే కదమ్మా. గోళ్ళలో ఇరుక్కుంటుంది" అన్నారు మాస్టారు.

వంటింట్లోంచి ఆయన భార్య శేషమాంబ గారి గొంతు వినిపించింది. "నలభై ఏళ్ళు నా రవ్వంతా ఆ డోలుకే తినిపించారు. ఇప్పుడు అన్నం కూడా మొదలెట్టారా?"

"డోలు కాదే, మృదంగం" అన్నారాయన.

హిమజకు నవ్వొచ్చింది. ముద్ద అద్ది, కొట్టింది. మూత గుమ్మనలేదు, దగ్గింది. మళ్ళీ కొట్టింది. బొంగురు. కాసేపటికి ముద్ద అంచు పగిలి ఒళ్ళో రాలింది. మాస్టారు నీళ్ళు చిలకరించి, "ఊఁ, మళ్ళీ" అన్నారు. మూడోసారి రాలేసరికి ఆమెకు ఏడుపొచ్చినంత పనైంది.

"రవ్వే పెట్టేద్దామండీ. చెయ్యి కడుక్కుంటాను లెండి!"

"ఏం, మృదంగం పాడైందా?"

హిమజ వంగి, మూత మీద చెవి ఆనించి, వేళ్ళతో మెల్లగా తట్టింది.

"పాడవలేదండీ" అంది, నిద్రలో మాట్లాడినట్టు. "తోలు ఇంకా పాతదాన్నే వెతుక్కుంటోంది."

అనేసి తలెత్తింది. మాస్టారు ఆమెనే చూస్తున్నారు.

"నా చెయ్యీ అంతే. పొద్దున్నుంచి నాలుగుసార్లు ఆ డబ్బా ఉండే చోటికే పోయింది" అన్నారాయన.

"మరి ఆదివారం... ఇలాగే పలికితే?"

"ఇలాగే పలకొచ్చు. మెరుగుపడనూవచ్చు. నాకూ కొత్తే."

హిమజ ఒళ్ళో రాలిన ముద్ద ఏరి, తడిచేసి, బొటనవేలితో మళ్ళీ అద్దింది. ఈసారి చపాతీల మాట ఎత్తలేదు. మూత మళ్ళీ బొంగురుగానే పలికింది. ఆమె మాస్టారి వైపు చూసింది.

"వెతుక్కోనీ అమ్మా" అన్నారాయన, తొడ మీద తాళం వేస్తూ. "నువ్వు మాత్రం లయ వదలకు."