చేపపిల్ల సద్దిమూట

ఒకప్పుడు చేపపిల్లలు ఒట్టి కడుపుతో పుట్టేవి. గుడ్డులోని పచ్చసొనను పెంకులోనే వదిలేసి, తోకలాడించుకుంటూ బయటికి వచ్చేసేవి. వచ్చిన పూటకే ఆకలో అని ఏడ్చేవి.

ఆ రోజుల్లో వరహాలు అనే ఆవిడ పెరటి గోలెంలో ఒక పరిగె చేపను పెంచుకునేది. ఆ గోలెం అంటే ఆవిడకు మహా గర్వం. రోజూ బూడిదతో తోమి, కొత్తనీళ్ళు పోసి, "నా గోలెంలో ఒక్క నలక చూపించండి, చూస్తాను!" అని వాడంతా వినేలా అనేది.

పరిగెకు పిల్లలు పుట్టాయి. వరహాలు మురిసిపోయి అన్నం వేసింది. పిల్లల నోళ్ళేమో సూదిమొనంత, మెతుకేమో వాటికి కొండంత! మూడో రోజుకు ఒక్క పిల్లా మిగల్లేదు. పరిగె అడుగున కదలకుండా పడుకుంది. వరహాలుకూ ముద్ద దిగలేదు.

"ఇంత శుభ్రమైన నీళ్ళలో ఏం తక్కువైందే?" అని ఏడ్చింది.

"కూడు తక్కువైంది," అంది మూలనున్న పాతకుండలోంచి ఒక సన్నని గొంతు.

తొంగిచూస్తే ఆవగింజలో సగం లేని నీటిపురుగు గంతులేస్తోంది.

"చేపపిల్లల కూడు మేమే, వరహాలమ్మా! నిన్న మురికినీళ్ళంటూ మావాళ్ళందరినీ పారబోశావు. నేనొక్కదాన్నే మిగిలాను. మేం కంటికి ఆనకపోవచ్చు. కానీ ఎంత లావు కొర్రమీనైనా చిన్నప్పుడు మమ్మల్ని తినే పెరిగింది, తెలుసా?" అంది రొమ్ము విరుచుకుని.

"తప్పయింది తల్లీ. ఇప్పుడేం చెయ్యను?"

"కుండలో ఎండుగడ్డి వేసి, చెరువునీళ్ళు పోసి, ఎండలో పెట్టు. మూడు రోజులు కదపకు, కడగకు! మావాళ్ళు మళ్ళీ పుట్టుకొస్తారు."

వరహాలు అలాగే పెట్టింది. అదే పూట పరిగె మళ్ళీ గుడ్లు పెట్టింది.

"అమ్మో! పిల్లలు రేపే పుడతాయి. కుండ పండేదాకా ఏం తింటాయి?" అని పరిగె గోలెం చుట్టూ తిరిగింది.

వరహాలు పొలానికి కట్టుకున్న సద్దిమూట వైపు చూసింది. "ఏమే, ఊరు దాటేవాళ్ళం మేం మూట కట్టుకోమూ? నీ పిల్లలు సద్ది ఇంట్లో పారేసి వస్తున్నాయి. ఆ సొన తెచ్చుకోమని చెప్పు!"

పరిగె గుడ్డు గుడ్డుకూ మూతి ఆనించి చెప్పింది. మర్నాడు ప్రతి పిల్లా పొట్టకింద పసుపుపచ్చని మూటతో వచ్చింది. గోలెం అడుగున బుద్ధిగా పడుకుని, కొంచెం కొంచెంగా ఆ మూటే తిన్నాయి.

కుండేమో మసకబారి కంపు కొట్టింది. తోముదామని వరహాలు చేతులు ఒకటే దురదపెట్టాయి. ముక్కు మూసుకుని ఆగింది.

నాలుగో రోజు కుండ నిండా సన్నని నలకలు గంతులేశాయి. గరిటెడు తీసి గోలెంలో పోయగానే పిల్లలన్నీ ఎగబడి తిన్నాయి. పొట్టలు గుండ్రంగా ఉబ్బాయి.

"రండే, చూడండే! మా గోలెంలో ఎన్ని నలకలో, ఎన్ని పిల్లలో!" అని వరహాలు వాడంతా వినేలా కేకేసింది.

అప్పటినుంచే ప్రతి చేపపిల్లా పొట్టకింద సద్దిమూటతో పుడుతోంది. మూట అయిపోయేదాకా ఆడటానికి కూడా పోదు. దాని కూడు ఎక్కడో మురికినీళ్ళలో పండుతోందని వాళ్ళమ్మ గుడ్డులోనే చెప్పి పంపుతుంది.