కొత్వాలుగారి పొయ్యి

రాజులు గుర్రాలెక్కి తిరిగే కాలంలో, ఒక పట్నంలో నూకాలు కల్లు దుకాణం ఎదుట గారెలు వేసి అమ్ముకునేది. ఒకనాడు అక్కడ తాగినవాళ్ళు జుట్టూజుట్టూ పట్టుకున్నారు. కొత్వాలు మీసం దువ్వుకుంటూ వచ్చాడు.

"తాగుబోతులు తిండి దగ్గర చేరి కొట్టుకుంటున్నారు. ఇకమీదట రాత్రి నగారా మోగాక నీ పొయ్యి వెలిగిందో, చెరసాలే!"

"మరి కల్లు దుకాణమో బాబూ?"

"అది మా బావమరిదిది. దాని జోలి నీకెందుకే?"

నూకాలు పొయ్యిలో నీళ్ళు పోసింది. ఆ రాత్రి ఆకలితో వచ్చినవాళ్ళకి ఉన్నమాటే చెప్పింది. "ఈ వేళప్పుడు పొయ్యి వెలిగేది కొత్వాలుగారింట్లోనే నాయనా. గస్తీ తిరిగొచ్చి ఆయన వేడివేడిగా తింటారు."

తెల్లారేసరికి కొత్వాలు తలపాగా ఊడిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తుకొచ్చాడు.

"ఊళ్ళో తాగుబోతులంతా మా అరుగు మీద కొట్టుకున్నారే! నా పులుసు చట్టి కూడా నాకేశారు!"

"తిండి దగ్గరే చేరతారని తమరే అన్నారుగా బాబూ. ఇప్పుడు ఎవరి పొయ్యి ఆర్పమంటారు?"

కొత్వాలు తలపాగా సర్దుకుంటూ ఇంటిదారి పట్టాడు.

ఆ రాత్రి నుంచి నగారా మోగినా నూకాలు పొయ్యి ఆరలేదు. కొత్వాలుగారి భోజనమూ అక్కడే. ఇంట్లో పొయ్యి ముట్టించడానికి ఆయన భార్య ససేమిరా అంది మరి!