ఏటి పక్క ఎవరు కాయాలి?

వానాకాలం రాగానే బంతికి సెలవు. నోళ్లకు కాదు.

దిబ్బపాలెంలో చెరుకు గానుగ పాక ఒకటుంది. బెల్లం వంట వేసవితోనే ముగుస్తుంది కాబట్టి వానల్లో అది ఖాళీ. దిబ్బపాలెం ఫుట్‌బాల్ జట్టు అభిమానులు రోజూ అక్కడే చేరేవాళ్లు. వాళ్లందరికీ పెద్ద గొంతు మేకపోతు గడ్డాలయ్య. పుట్టి బుద్ధెరిగాక ఒక్కసారి బంతిని తన్నిన పాపాన పోలేదు కానీ, ఒక్క ఆటనూ చూడకుండా వదల్లేదు.

ఆ ఏడు వాళ్ల దిగులు చిన్నది కాదు. వానలు వెలిశాక ఒక పక్క ఏరు, రెండో పక్క గట్టు ఉన్న మైదానంలో గుట్ట మీది అడవిపందుల జట్టుతో ఒక ఆట ఉంటుంది. గెలిచినవాళ్లదే ఏడాదంతా ఏటి ఒడ్డు. పందులు గెలిస్తే తుంగగడ్డల కోసం ఒడ్డంతా మూతులతో తవ్విపోస్తాయి. పాలెం పశువులకు ఎండుగడ్డే గతి. వరసగా రెండేళ్లు ఆ ఎండుగడ్డే నమిలాయి. మూడో ఏడూ ఓడితే పచ్చిక వేళ్లతో సహా పోతుంది.

"పోయినేడు నాలుగు గోల్స్ తిన్నాం. నాలుగూ ఏటి పక్క నుంచే!" అని గానుగ రాయెక్కి అరిచాడు గడ్డాలయ్య. "అక్కడ కాపలా ఎవరు? మన ఎద్దు నిమ్మళయ్య మామ. ఒక పక్క నుంచి ఇంకో పక్కకి తిరగాలంటే చేని చివర నాగలి తిప్పినంత సేపు! ఆయన తిరిగేసరికి పందులు గోల్ కొట్టి, ఇంటికెళ్లి, గంజి తాగి పడుకుంటాయి."

"మరి గోల్ దగ్గర గేదె గౌరమ్మ ఏం చేసింది?" అంది బాతు రత్తమ్మ.

"నిలబడింది. గోల్ నిండా నిలబడింది. కడుపు కింద నుంచి దూరిన బంతి ఆమెకెలా కనిపిస్తుంది?"

గాడిద బండయ్య చెవులు రిక్కించాడు. "పెళ్లిళ్లలో ఊరేగింపు గుర్రం ఉంది కదా, దాన్ని తెచ్చుకుంటే? ఏం కాళ్లు, ఏం ఠీవి!"

"దానికి బ్యాండు వాయిస్తే గానీ అడుగు పడదయ్యా" అంది రత్తమ్మ. "పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు, అలా ఉంది నీ వరస. మామ పదేళ్లుగా ఆడుతున్నాడు. ఎద్దు పుండు కాకికి నొప్పా? కూర్చుని అనడం తేలికే."

సరిగ్గా అప్పుడే పాక గుమ్మంలో తడిసిన తోకొకటి ఆడింది. నక్క సన్నాసి.

"వాన తగ్గేదాకా ఓ మూల నిలబడతాను బాబూ. బంతాటంటే నాకు ఓనమాలు తెలీవు. కానీ గడ్డాలయ్యగారు చెబుతుంటే ఆట కళ్లకు కట్టినట్టుంది. తమరు కోచ్ కావలసినవారు!"

గడ్డాలయ్య గడ్డం ఒక్కసారిగా జానెడు పెరిగినట్టయింది. ఆ మాట అతనితో అంతవరకు ఎవరూ అనలేదు.

"ఇలా ముందుకొచ్చి కూర్చో నక్కబావా!"

నక్క కూర్చుంది. మర్నాడూ వచ్చింది, ఆ మర్నాడూ వచ్చింది. "గట్టు పక్క సంగతేమిటండీ?" అంటే గడ్డాలయ్య గట్టు పక్క సంగతి చెప్పాడు. "ఎండ ఎదురుగా ఉంటే గౌరమ్మగారికి ఇబ్బందేమో?" అంటే, కళ్లు మూసుకుంటుందని అదీ చెప్పాడు. అడిగినదానికి ఒక మాట, పొగిడినదానికి పది మాటలు. రత్తమ్మ రెండుసార్లు కాలు తొక్కినా గడ్డాలయ్యకు తెలియలేదు.

వారం తర్వాత వాన కాస్త తెరిపిచ్చింది. లేత చిగుళ్ల మీద ఆశతో గడ్డాలయ్య గుట్ట అంచుదాకా ఎక్కాడు. పొదల అవతల గుర్రుగుర్రుమని చప్పుడు. తొంగి చూశాడు.

పందులు సాధన చేస్తున్నాయి. ఒక పక్క పెద్ద పుట్ట, దాని మీద రెండు కొమ్మలు కొమ్ముల్లా గుచ్చి ఉన్నాయి. దాని పక్కన నిలబడి నక్క పాఠం చెబుతోంది.

"ఇది ఎద్దు. దీని వెనక నుంచి దూరండి. బంతి నేల మీదే పోనివ్వండి, గేదె కడుపు కింద దారుంది. ఇవేవీ నా మాటలు కావు, గడ్డాలయ్యగారి మాటలు!" అని మేకపోతులా "మ్మే" అని అరిచి చూపించింది.

పందులు పొర్లి పొర్లి నవ్వాయి. వాటి నాయకుడు కోరల దొరకు నవ్వి నవ్వి కళ్లలో నీళ్లొచ్చాయి.

గడ్డాలయ్య నోట్లో చిగురు నోట్లోనే ఉండిపోయింది. ఇంటి గుట్టు లంకకు చేటంటారు. ఆ చేటు తెచ్చింది పరాయివాడు కాదు, తనే. తన నోటి వల్ల పచ్చిక పోగొట్టుకోబోయే మందలో గౌరమ్మ దూడలున్నాయి, ఎండుగడ్డి అరగక నీరసపడ్డ ముసలి ఆవులున్నాయి.

గుట్ట దిగి తిన్నగా నిమ్మళయ్య కొట్టానికి వెళ్లాడు. దాచకుండా అంతా చెప్పి తల దించుకున్నాడు.

నిమ్మళయ్య నెమరు ఆపలేదు. "నువ్వన్నదాంట్లో అబద్ధమేముంది అల్లుడూ? తిరగడం నాకు ఆలస్యమే. మీరు పాకలో అరిచేదంతా ఇక్కడికి వినిపిస్తూనే ఉంది."

గడ్డాలయ్యకు చెప్పుతో కొట్టినట్టయింది.

"మామా..."

"ఏడుపు తర్వాత. బంతి ఎటు నుంచి వస్తుందో ముందే తెలిస్తే నేను తిరగనక్కర్లేదు. ఊరికే నిలబడితే చాలు. అది తెలిసే దారి చూడు."

గడ్డాలయ్య చాలాసేపు గడ్డం నమిలాడు. తర్వాత పళ్లు బయటపెట్టాడు. "మామా, ఎటు నుంచి రావాలో మనమే చెబితే?"

ఇద్దరూ కలిసి ఆ ఉపాయం రత్తమ్మకు, ఆటగాళ్లకు చెప్పారు. బండయ్యకు మాత్రం చెప్పలేదు. గాడిద కడుపులో ఏ మాటా దాగదు. పైగా అతని సంబరం నిజమైతేనే నక్క నమ్ముతుంది.

మర్నాడు నక్క రాగానే గడ్డాలయ్య గానుగ రాయెక్కాడు. "శుభవార్త! పెళ్లి గుర్రం ఒప్పుకుంది. ఇక ఏటి పక్క కాపలా దానిదే. దోమ కూడా దూరదు!"

బండయ్య ఆనందం పట్టలేక పాకంతా గంతులేశాడు. "నేననలేదూ! నేననలేదూ!"

"సంబరపడింది చాల్లే" అని రత్తమ్మ కసిరింది. "మామను గట్టు పక్కకి మార్చారుగా. అక్కడ తోడెవరు? ఒక్కడే. ఇక అటు నుంచి తింటాం గోల్స్."

"రత్తమ్మా! బయటివాళ్లున్నారు!" అని గడ్డాలయ్య నాలుక కరుచుకున్నాడు. కరుచుకున్నట్టు బాగా కనిపించేలా కరుచుకున్నాడు.

నక్క ఆకాశం చూస్తూ, "వాన తగ్గినట్టుంది, వస్తానండీ" అంది. బయట వాన అప్పుడే జోరందుకుంది.

ఆట రోజు వచ్చింది. గట్టు పక్క నిమ్మళయ్య నిలబడ్డాడు. ఆయనకు అటూ ఇటూ దున్నపోతులిద్దరు, వెనక ఆ ఏడే జట్టులోకి దించిన బండయ్య. ఏటి పక్క పేరుకు నిలబెట్టిన రత్తమ్మ ఒక్కతే ఈకలు సర్దుకుంటోంది.

"గుర్రమేదిరా?" అని కోరల దొర నక్కనడిగాడు.

"తురుపుముక్కను ముందే పరుస్తారా దొరా? మనం ఏటి పక్కకి వెళ్లగానే దిగుతుంది. గట్టు పక్కే పదండి!"

బండయ్య కూడా అదే అడుగుతున్నాడు. "గుర్రమేది?"

"రాదు. అంతా నక్క కోసం చెప్పిన మాట" అన్నాడు గట్టు మీద నిలబడి చూస్తున్న గడ్డాలయ్య. బండయ్యకు తిక్క రేగింది. కాళ్లు దురద పెట్టాయి.

పందులు బంతి తోసుకుంటూ గట్టు పక్కకి దూసుకొచ్చాయి. నిమ్మళయ్య కదల్లేదు. ముందు పంది ఆయన్ని గుద్దుకుని కూలబడింది, రెండోది మొదటిదాని మీద పడింది. జారిన బంతి బండయ్య వెనక్కాళ్ల దగ్గరికి దొర్లింది. గుర్రం మీది కోపమంతా కూడదీసుకుని ఒక్క తన్ను తన్నాడు. బంతి మైదానమంతా దాటి, నోరు తెరిచి చూస్తున్న పందుల గోల్‌కీపర్ నెత్తి మీదుగా లోపల పడింది.

"మళ్లీ గట్టు పక్కే!" అరిచింది నక్క. "ఎద్దు అలిసిపోయింది!"

మళ్లీ వచ్చాయి, మళ్లీ పడ్డాయి. పొద్దు వాలేదాకా అదే తంతు. పాలెం ఒకటి, గుట్ట సున్నా.

గంట మోగగానే పాలెం పశువులు పచ్చిక మీదికి పరుగు తీశాయి. గడ్డాలయ్య మాత్రం నిమ్మళయ్య పక్కన నిలబడి, "మామా, నా నోరు..." అని ఆగాడు. "ముందు గడ్డి తిను" అన్నాడు నిమ్మళయ్య.

అవతల కోరల దొర నక్క తోక మీద కాలు వేశాడు. "ఏటి పక్క బాతు తప్ప పిట్ట లేదు కదరా! ఒక్కసారైనా అటు చూశావా?"

"చూడడమెందుకు దొరా" అంది నక్క నీరసంగా. "విన్నానుగా!"

నీతి: పొరుగువాడి నోటిని నమ్ముకున్నవాడికి తన కళ్లు కొరగావు.