అచ్చియ్యమ్మ కొన్న తేలిక గిన్నె

అనగనగా, బంగారూ, కొండ కింద ఒక ఊరు. ఆ ఊళ్ళో అచ్చియ్యమ్మ అని ఒక కోడలు. ఆమెకి సీతాలు అని ఒక్కతే కూతురు, నీ ఈడు పిల్లే. మొగుడు సూరప్పడు రాళ్ళు కొట్టే పనికి పోయేవాడు. అత్త పైడమ్మ కూడా వాళ్ళతోనే ఉండేది.

వాళ్ళింట్లో వంటకి ఉన్నవి ఒక మట్టి కుండ, ఒక ఇత్తడి గిన్నె. కుండలో పప్పు ఉడికేసరికి పొద్దెక్కిపోయేది. ఇత్తడి గిన్నె ఎత్తలేక నడుం విరిగేది. దానికి కళాయి పూయించకపోతే పులుసు చిలుమెక్కిపోయేది. అచ్చియ్యమ్మ రోజూ ఆలస్యంగా కూలికి వెళ్ళి మేస్త్రీ చేత మాటలు పడేది.

అప్పుడు ఊళ్ళోకి ఒక గిన్నెలవాడు వచ్చాడు. పాత బట్టలిస్తే గిన్నె ఇస్తానన్నాడు. వెండిలా తళతళలాడే గిన్నె. పువ్వంత తేలిక. కిందపడితే పగలదు, కళాయి అక్కర్లేదు, పొయ్యి మీద పెడితే ఇట్టే కాగుతుంది. అచ్చియ్యమ్మ మురిసిపోయి తన పెళ్ళి చీర ఇచ్చి ఒకటి తీసుకుంది. అది దేంతో చేశావని అడగలేదు. ఆ వీధిలో ఎవరూ అడగలేదమ్మా. తుక్కు కొట్లో దొరికిన ముక్కలన్నీ సీసంతో సహా కరిగించి పోసిన గిన్నె అది. సీసం విషం, పులుపు తగిలితే కూట్లోకి దిగుతుంది.

పైడమ్మ మాత్రం, "నాకు నా కుండ చాల్లే" అని తన కూడు తనే వండుకునేది.

ఆ తర్వాత సీతాలుకి కడుపునొప్పి మొదలైంది. ఆ తర్వాత అన్నం సయించలేదు. ఆ తర్వాత మాట తడబడింది, మొహం పాలిపోయింది. అచ్చియ్యమ్మ ప్రాణం కొట్టుకుపోయింది. పిల్లకి చింతపండు పులుసంటే ఇష్టమని ఆ కొత్త గిన్నెలోనే కాచి, ఒళ్ళో కూర్చోబెట్టుకుని, బతిమాలి బతిమాలి తినిపించేది. తినిపించేకొద్దీ పిల్ల చిక్కిపోయింది. అచ్చియ్యమ్మకీ, సూరప్పడికీ కూడా ఒంట్లో నలతగానే ఉండేది.

దిష్టి తీసింది. తగ్గలేదు. మందులు వేయించింది. తగ్గలేదు. అప్పుడు ఆమె చూపు అత్త మీద పడింది.

"మాకందరికీ ఒంట్లో బాగోలేదు. వేరే వండుకునే నువ్వొక్కదానివే గుండ్రాయిలా ఉన్నావు. నీ కళ్ళే పడ్డాయి అత్తా! నువ్వుంటే నా పిల్ల బతకదు."

పైడమ్మ తన కుండ చంకన పెట్టుకుని పక్క ఊళ్ళో ఉన్న కూతురింటికి వెళ్ళిపోయింది.

సీతాలు నాన్నమ్మ కోసం ఏడ్చింది. ఆ ఏడుపు చూడలేక సూరప్పడు తీసుకెళ్ళి అక్కడ దిగబెట్టాడు. అక్కడ పిల్ల తేరుకుంది. ఇంటికి తెచ్చారు, మళ్ళీ పడింది. మళ్ళీ పంపారు, మళ్ళీ లేచింది. "తల్లి చేతి కూడే పడట్లేదు ఆ పిల్లకి" అని వీధిలో ఆడవాళ్ళు గుసగుసలాడారు. అది విని అచ్చియ్యమ్మ నీళ్ళకి వెళ్ళడం కూడా మానేసింది.

మూడోసారి ఇంటికి తెచ్చాక, సీతాలు వాకిట్లో ఆడుకుంటూ కొయ్యలా బిగుసుకుని పడిపోయింది. పెద్దాసుపత్రిలో ప్రాణం నిలబెట్టారు. ఎందుకొచ్చిందో మాత్రం చెప్పలేకపోయారు. సూరప్పడు అట్నుంచి అటే పిల్లని తన తల్లి పైడమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. వెనకాలే అచ్చియ్యమ్మ కూడా వెళ్ళింది. అత్త ఏ మందు పెడుతోందో చూద్దామని పొయ్యి దగ్గర నిలబడింది.

"ఏం పెడుతున్నావు దానికి?"

"నువ్వు పెట్టేదే. అదే చింతపండు, అదే ఉప్పు," అంది పైడమ్మ కుండలో గరిటె తిప్పుతూ.

అచ్చియ్యమ్మ ఆ కుండ వంక అలాగే చూస్తూ ఉండిపోయింది. తర్వాత ఎవరితోనూ చెప్పకుండా ఇంటికి నడిచి వచ్చింది. గిన్నె తీసుకుని లోపల తెల్లటి గుడ్డతో రుద్దింది. గుడ్డ నల్లబడింది. ఇంకో మూల రుద్దింది. అదీ నల్లబడింది. గుడ్డ పట్టుకుని అక్కడే కూలబడింది. ఎన్ని ముద్దలు పెట్టిందో, ఒక్కో ముద్దా గుర్తొచ్చింది ఆమెకి.

ఆ గిన్నెని రాయి పెట్టి చితక్కొట్టి, నూతికి, చేలకి దూరంగా పాతిపెట్టింది. ఆ తర్వాత వెళ్ళి అత్త కాళ్ళ మీద పడింది. "లే, పిల్లకి అన్నం వేళైంది," అంది పైడమ్మ. అంతే.

సీతాలు బతికింది తల్లీ. నడిచింది, తిన్నది. మాట మాత్రం మునుపటిలా రాలేదు.

కొన్నాళ్ళకి ఇంకో గిన్నెలవాడు వచ్చాడు, అలాంటి గిన్నెలే తెచ్చాడు. ఆడవాళ్ళు మూగారు. అచ్చియ్యమ్మ కూతురి చెయ్యి పట్టుకుని వాళ్ళ మధ్యకి వచ్చింది.

"నీ పేరు చెప్పమ్మా."

పిల్ల నోరు తెరిచింది. పెదాలు కదిలాయి. అందరూ ఎదురుచూశారు. ఎంతకో "సీ..." అని వచ్చింది. తర్వాత "తా..." అని వచ్చింది. మిగతాది రాలేదు.

"ఇలాంటి గిన్నెలో వండి నా చేత్తో నేనే తినిపించాను," అంది అచ్చియ్యమ్మ.

ఆడవాళ్ళు ఒక్కొక్కరే చేతిలో గిన్నెలు కింద పెట్టేశారు. గిన్నెలవాడు మాత్రం కదల్లేదు. "మా ఇంట్లోనూ వీటిలోనే వండుతారమ్మా," అన్నాడు. "మా బుడ్డోడికి ఇంకా మాటలు రాలేదు. ఆలస్యంగా వస్తాయిలే అనుకుంటున్నాం..."

బుట్ట అక్కడే వదిలేసి నడిచాడు. వీధి మలుపు దాకా నడిచాడు. ఆ తర్వాత పరుగెత్తాడు.

కథేమో వెళ్ళిపోయింది కంచికి,
కునుకేమో వచ్చింది మన మంచానికి.