తీగలదిన్నె దీపాలమ్మ తొట్టి

“పందిట్లో ఎవరమ్మా, పచ్చగాజుల చిన్నమ్మా,
గుత్తి తెంచి గంపకెత్తి ఎవరికోసం నిలిచావమ్మా…”

తీగలదిన్నె ద్రాక్షతోటల్లో ఆడవాళ్లు కోత పాటను ఇక్కడికే పాడి ఆపేస్తారు. చిన్నమ్మ ఏమని బదులు చెప్పిందో ఎవరికీ తెలియదు. తోటల నడుమ వైన్ ఫ్యాక్టరీ ఉంది. దాని గేటు పక్కన, పాత తొట్టి గట్టు మీద, మసిబారిన రాయి రూపంలో దీపాలమ్మ తల్లి కొలువై ఉంది. పాట సగమే ఎందుకు మిగిలిందో, తల్లి ఎందుకు వెలసిందో, రెంటికీ కథ ఒక్కటే.

పూర్వం ఇక్కడ కోటలోని దొరల కోసం ద్రాక్షరసం పులియబెట్టేవారట. దిన్నెను లోతుగా తవ్వి, గచ్చు చేసిన తొట్టిలో పండ్లు తొక్కి పోసేవారు. రసం పొంగి నురుగు కట్టాక తోడేసి, అడుగున మిగిలిన పిప్పి ఎత్తడానికి ఒక మనిషి దిగేవాడు. ఆ పని తిప్పన్నది. లోపల చీకటి గనుక అతని భార్య ఓబుళమ్మ తాళ్ల చిక్కంలో ప్రమిద పెట్టి ముందుగా దించేది. వెలుగు కోసమే ఆ దీపం. దానికి ఇంకో పని ఉందని ఎవరనుకున్నారు?

ఆ ఏడు కాపు విరగకాసింది. తొట్టిని ఇంకా లోతు చేశారు. ఓబుళమ్మ చిన్ననాటి కోత పాట పాడుకుంటూ దీపం దించింది. సగం లోతుకు పోగానే దీపం ఆరిపోయింది, పాటా అక్కడే ఆగింది. పైకి లాగి చూస్తే నూనె అట్లే ఉంది, వత్తీ తడవలేదు. తిప్పన్న నవ్వి, ఒక మాట అని, నిచ్చెన దిగిపోయాడు.

ఆమె చెకుముకి కొట్టి వత్తి ముట్టించి తొంగిచూసింది. నడినెత్తి ఎండకు అడుగు మసకమసకగా కనిపించింది. దండెం మీది పంచె జారి పడ్డట్టు, తిప్పన్న పిప్పి మీద బోర్లా పడి ఉన్నాడు. అరుపు లేదు, మూలుగు లేదు. పాము లేదు, దెబ్బ లేదు. ఇప్పుడే గదా నవ్వాడు, అంత మనిషి! ఓబుళమ్మ కేక పెట్టింది.

మరిది నరసింగుడు పరుగున వచ్చి నిచ్చెన పట్టుకున్నాడు. ఆమె తొట్టి మూతికి అడ్డంగా కూర్చుంది.

“తప్పుకో వదినా, లోపలుండేది నీ మొగుడు కాదా?” అని అతడు కసిరాడు.

ఆమె దీపం మళ్లీ దించింది. ఇందాక ఆరిన చోటే ఆరింది.

“దీపానికి ఊపిరాడని చోట నీకాడుతుందా, నరసింగా?” అంది.

మొగుడు లోపల ఉండగా ఆ మాట ఎట్లా అనగలిగిందో, తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. నరసింగుడి చేయి నిచ్చెన వదిలింది. జనం గడ్డపారలతో దిన్నె వాలు నుంచి తొట్టి గోడ పగలగొట్టారు. గాలి పారాక దీపం నిలిచింది. అప్పుడు దిగి తిప్పన్నను తెచ్చారు గానీ, ప్రాణం ఎప్పుడో పోయింది.

దినాలు ముగిసిన మధ్యాహ్నం ఓబుళమ్మ ఆ గట్టు మీదే తల వాల్చి కునుకు తీసింది. కలలో దీపాలమ్మ తల్లి కనిపించింది. “పొంగు చల్లారేదాకా ఆ తొట్టి నాది. దీపం ఆర్పి చెప్పానే బిడ్డా. ఇకనైనా నన్ను అడిగి దిగండి” అంది. చెప్పిందే, మేమే వినలేదే అని ఓబుళమ్మ ఉలిక్కిపడి లేచింది. తల కింద ఉన్న రాయి వెచ్చగా, మసిబారి ఉంది. ఆమె మళ్లీ ఆ పాట ఎత్తలేదు. ఆనాడు ఆమె నోట విన్నవారికి ఆ సగమే మిగిలింది.

నేడు ఫ్యాక్టరీలో ఉక్కు ట్యాంకులు, గాలిని కొలిచే యంత్రాలు వచ్చాయి. అయినా కోత మొదలయ్యే రోజు తొలి గుత్తులు అమ్మకు పెట్టి, గోడ పగిలిన పాత తొట్టిలోకి దీపం దించుతారు. అది వెలుగుతూ పైకి వచ్చి, దాని నుంచి ఒక ఆడమనిషి రెండో దీపం ముట్టించేదాకా ఎవరూ పనిలో దిగరు, మేనేజరైనా సరే. బావుల్లో, ట్యాంకుల్లో దిగే పనివాళ్లు ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఆ రాతి మీది మసి బొట్టు పెట్టుకుంటారు. పెట్టుకున్నవారు క్షేమంగా పైకి వస్తారని నమ్మకం.

రెండో దీపం ముట్టించే ముందు పెద్దముత్తైదువ ఒక మాట చెబుతుంది, అందరూ తలవంచి వింటారు. తిప్పన్న నిచ్చెన మీద కాలు పెట్టి, నవ్వుతూ, ఓబుళమ్మతో అన్న మాట అది.

“గాలికి ఆరిందిలేవే. నువ్వు ఇంకోటి ముట్టించేలోపల నేను పైకొచ్చేస్తా.”